గూని రొయ్యలు

కాంతం పెంచిన పగడాన్ని చంపింది ఆమె తమ్ముడు దుర్గేష్. ఈ విషయంలో ఆమె మొగుడు బుచ్చిబాబుకు రెండో మాట లేదు.

ఏలూరు పవర్‌పేటలో వాళ్ల ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టె ఉంది. అందులో ఉప్పునీరు. ముప్పై ఏళ్లు కైకలూరు పక్కన రొయ్యల చెరువులు చేసిన బుచ్చిబాబుకు, ఇంట్లో సముద్రం పెట్టుకోవడం పిచ్చిపనిగా తోచింది. కాంతం వినలేదు. ఆమె బడిలో లెక్కల టీచరు. ఏదైనా కొలిచి చేసే మనిషి. బొటనవేలంత బతికున్న పగడపు ముక్క తెచ్చి, ఆరేళ్లలో పళ్లెమంత చేసింది. ఒంటినిండా పచ్చటి బుల్లి నోళ్లు, లైటు వెయ్యగానే విచ్చుకునేవి. దానికి తేనెపట్టు అని పేరు పెట్టుకుంది.

ఆసుపత్రి మంచం మీద ఆమె అడిగినవి రెండే.

"ఏవండీ, తమ్ముణ్ణి ఒక్కసారి రమ్మనండి. తేనెపట్టుని చూసుకోండి."

దుర్గేష్‌వీ రొయ్యల చెరువులే, అప్పుడు రొయ్యల పట్టుబడి జరుగుతోంది. రేపొస్తానన్నాడు, ఎల్లుండొస్తానన్నాడు. అతను వచ్చేసరికి అక్కను నేల మీదికి దింపేశారు. ఆ రోజు నుంచి బుచ్చిబాబు బావమరిదితో మాట్లాడలేదు.

మూడో నెలలో తొట్టెలో గాజుపూలు పుట్టాయి. అవి పూలు కావు, పురుగుల్లాంటివే. రాళ్ల సందుల్లోంచి కనిపించీ కనిపించకుండా లేస్తాయి, పక్కనున్న పగడాన్ని కుట్టి కాలుస్తాయి. ఒకదాన్ని బుచ్చిబాబు చాకుతో గీకేశాడు. పదిరోజుల్లో అదే చోట పన్నెండు లేచాయి. తేనెపట్టు ఒక అంచున ముడుచుకుంది.

మాసికానికి వచ్చిన దుర్గేష్ భార్య లక్ష్మీప్రసన్న అది చూసి వెళ్లి మొగుడికి చెప్పింది. వారం తిరక్కుండా ఆక్సిజన్ నింపిన కవరు పట్టుకుని మళ్లీ వచ్చింది.

"అన్నయ్యగారూ, పిప్పరమెంటు రొయ్యలటండీ. ఈ గాజుపూలని ఏరుకుని మరీ తినేస్తాయట. మీ బావమరిది చెన్నై నుంచి తెప్పించారు."

"రొయ్య సంగతి నాకు వాడు చెబుతాడా?"

"చెప్పడం లేదండీ, ఇస్తున్నారంతే. తిట్టుకుంటూనే వేసుకోండి."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. తేనెపట్టు కోసం కవరు మాత్రం అందుకున్నాడు.

ఆమె వెళ్లాక, చెరువులో రొయ్యపిల్లను వదిలే ముందు చేసినట్టే, కవరును నీళ్ల మీద తేలనిచ్చాడు. లోపలి నీరూ బయటి నీరూ ఒక వేడికి రావడానికి అరగంట పడుతుంది. లోపల ఆరు రొయ్యలు. ఎర్రచారలు, పెద్ద కళ్లు, వీపున గూను. గూను దగ్గర అతని చూపు ఆగింది. కానీ ఎండలో దూరం వచ్చిన రొయ్యకు ఒళ్లు పట్టేసి వీపు వంగడం అతను చెరువుల మీద ఎన్నోసార్లు చూశాడు. నీళ్లలో పడితే సర్దుకుంటుందనుకున్నాడు.

ఫోన్ మోగింది. దుర్గేష్. మోగి ఆగింది. మళ్లీ మోగింది. బుచ్చిబాబు దాన్ని బల్ల మీద బోర్లించి, కవరు విప్పాడు.

గూను సర్దుకోలేదు. గాజుపూల జోలికి ఒక్క రొయ్యా పోలేదు. మూడోనాడు పొద్దున్నే లైటు వేస్తే ఆరూ తేనెపట్టు మీదే ఉన్నాయి. పచ్చటి నోళ్లను ఒక్కొక్కటే గిల్లి తింటున్నాయి. వల దింపితే సందుల్లో దూరాయి. రాళ్లు కదిపితే పగడం విరుగుతుంది. చెరువులకు చెరువులు పట్టించిన మనిషి, మూతి కోసి లోపలికి తిప్పిన ప్లాస్టిక్ సీసాలో మేత పెట్టి ఆ ఆరింటినీ పట్టేసరికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. అప్పటికి మిగిలింది తెల్లటి చిల్లుల రాయి.

తరువాతి మాసికానికి వచ్చిన లక్ష్మీప్రసన్న తొట్టె ముందు నిలబడిపోయింది.

"అయ్యో, వేసేశారా! ఆయన ఆ రోజు పదకొండుసార్లు ఫోన్ చేశారు కదండీ. కవర్లు మారిపోయాయని కొట్టువాడే చెప్పాడట. వీపున గూను ఉంటే అవి వేరే జాతి, పగడాన్నే తింటాయి, వెయ్యొద్దని చెప్పడానికే..."

బుచ్చిబాబు తొట్టె గాజును గుడ్డతో తుడిచాడు.

"వాడు రావాల్సింది ఆసుపత్రికి," అన్నాడు.

"అది తప్పేనండీ. నేను కాదనను. కానీ మీరు ఫోన్ ఎత్తుంటే వదిన పగడం బతికేది."

"చంపింది నీ మొగుడు."

"అన్నయ్యగారూ..."

"కాఫీ తాగి వెళ్తావా, ఇలాగే వెళ్తావా?"

ఆమె కాఫీ తాగకుండానే వెళ్లింది.

తొట్టె ఇప్పటికీ నడుస్తోంది. అతను పొద్దున్నే లైటు వేస్తాడు, కాంతం రాసిపెట్టిన కొలతకే ఉప్పు కలుపుతాడు. చచ్చిన పగడం మీద గాజుపూలు దట్టంగా పట్టాయి. మొన్న ఎదురింటి రత్నకుమారి వచ్చి, "ఎంత బాగున్నాయండీ! కాంతంగారు పెంచినవేనా?" అంది.

బుచ్చిబాబు లైటు ఆర్పేశాడు.

"ఆ తొట్టె సంగతి నన్ను అడక్కండి. ఇవాళే కాదు, ఎప్పుడూ. నేను చెప్పను."