మూడో అంతస్తు మలుపు

ఆగింది, జెలీ అడుగుల చప్పుడు మళ్ళీ అక్కడే ఆగింది, మూడో అంతస్తు మలుపులో, నిన్నా అంతే, మొన్నా అంతే, ఫిర్మిన్ కుంచె తుడుస్తున్నవాడల్లా గుడ్డ పక్కన పడేసి అటకగది తలుపుకి చెవి ఆనించాడు, ఏమీ వినపడలేదు, కిందెక్కడో ఉల్లిపాయలు వేగుతున్న వాసన మాత్రం వస్తోంది, జెలీ ఇదివరకు ఈ ఆరంతస్తులూ రెండేసి మెట్ల చొప్పున దూకుతూ వచ్చేది, వస్తూనే టోపీ మంచం మీదికి గిరాటేసి, ఏమయ్యోయ్ చిత్రకారా, రొట్టె ఏమైనా ఉందా, ఇవాళ కూడా రంగులే తిన్నావా అని నవ్వేది, ఇప్పుడేమో ఒక్కో మెట్టూ ఆచితూచి, పిల్లిలా, తప్పు చేసినవాళ్ళ నడక ఇలాగే ఉంటుంది మరి, పైగా మూడో అంతస్తులో ఎవరున్నారు, రెండే గదులు, ఒకదాంట్లో బట్టలు ఇస్త్రీ చేసుకుని బతికే ముసలి పెలాజీ, రెండోదాంట్లో క్రిస్మస్‌కి ముందు దిగిన ఆ మార్సెయ్ ఊరి శిల్పి, ఆంబోతు మెడ, నూనె రాసిన మీసం, జెలీ ఏ తలుపు తడుతోందో తెలుసుకోవడానికి సోది చెప్పించుకోవాలా ఏం.

మూడేళ్ళ కిందట ఎర్రపీత అనే కాబరేలో, తాగుతూ ఆట చూసే చోట, ఆమెని మొదటిసారి చూశాడు, గ్యాసు దీపాలు, చుట్ట పొగ, బల్లకింద నిద్రపోతున్న ఫిడేలువాడు, ఆ హోరులో ఆడేవాళ్ళ ముందు వరసలోంచి ఒక కాలు లేచింది, లేచి ఎవడో పెద్దమనిషి నెత్తిమీది పొడుగు టోపీని బొటనవేలితో ఎగరగొట్టింది, జనం ఈలలు, ఫిర్మిన్ దగ్గర కాగితం లేదు, పాలరాతి బల్లమీదే పెన్సిలుతో గీశాడు, సర్వరు వచ్చి తడిగుడ్డతో తుడిచేశాడు, ఓరి దుర్మార్గుడా అని ఆ రాత్రంతా నిద్రపట్టలేదు, మర్నాడు మళ్ళీ వెళ్ళాడు, ఆ మర్నాడూ వెళ్ళాడు, ఇక ఆ పొగే గాలి, ఆ గోలే ఇల్లు, తెల్లవారితే చిరాకు, అబ్బ, ఆ కాలు, ఎన్ని వందలసార్లు గీశాడో, అలాంటి జెలీ ఇప్పుడు నెల్లాళ్ళుగా వెనక వరసలో నిలబడుతోంది, ఎందుకే అంటే, కొత్తగా చేరిన పిల్లలు ముచ్చటపడుతున్నారు, ముందుకి రానీ అంది, ఎవరి చెవిలో పువ్వులు పెడుతోంది, ముందు వరస కోసం జుట్లు పట్టుకునే చోట వదులుకునే పిచ్చిది ఎవరు, వెనక వరస పక్కనే కదా ఆ మీసాలవాడి బల్ల.

ఇంకా ఉంది, వాసన, పౌడరు వాసన పోయి కర్పూరం వాసన వస్తోంది, రాళ్ళు మోసే శిల్పులు నడుముకి కర్పూరతైలం పట్టిస్తారని ఎవరో చెప్పారు, వాడి నడుము వాసన ఈమె ఒంటికెలా వచ్చింది, మేజోడు విప్పమంటే విప్పదు, చలి అంటుంది, ఎర్రగా కాలుతున్న పొయ్యి పక్కన చలేమిటి, ఏ గాటు దాస్తోంది, దూలం నుంచి తాడు వేలాడుతోంది, ఉచ్చు సరిచేశాడు, ఎత్తిన కాలు గాల్లో ఎంతసేపని నిలుస్తుంది, అందుకే బొమ్మలు వేసే ప్రతి గదిలోనూ ఇలాంటి తాడొకటి ఉంటుంది, మడమ అందులో పెట్టి రోజూ రెండు గంటలు, అక్టోబరు నుంచీ, ఇంకెంత, ఎనిమిది రోజుల్లో పటం సలోను అనే ఆ పెద్ద చిత్రప్రదర్శన పెద్దల ముందుండాలి, ఇప్పుడు చూస్తే పావుగంటకే దించేయనా అంటోంది, కదలకు జెలీ, వెలుతురు పోతోంది అంటే పెదవి కొరుక్కుంటోంది, తెలుసులే ఆ తొందర ఎవరికోసమో, ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాడు, ఇక చాలు, ఇవాళ అటో ఇటో తేలిపోవాలి, వాడో నేనో.

మూడో అంతస్తుకి దిగాడు, శిల్పి తలుపుకి తాళం, బయటినుంచే వేసి ఉంది, దాని మీద దుమ్ము కూడా ఉంది, ఎదుటి గదిలోంచి, అమ్మా అని ఒక మూలుగు, జెలీ గొంతే, ఫిర్మిన్ తలుపు తోశాడు, ఇస్త్రీబల్ల పక్కన స్టూలుమీద జెలీ, పెలాజీ ఒళ్ళో ఆమె కాలు, మేజోడు జారిపోయి ఉంది, మోకాలు సొరకాయంత వాచి ఉంది.

రా బాబూ, రా, నీ పనితనం నువ్వే చూసుకో, అంది ముసలిది కర్పూరం రుద్దడం ఆపకుండా, పదిహేనేళ్ళు సర్కస్‌లో బతికాను నేను, గుర్రాన్నైనా అలా కాలెత్తి కట్టెయ్యలేదు ఎవ్వరూ, డాక్టరు అడిగాడంట, దీన్ని ఎవరమ్మా వేలాడదీసింది అని, ఎప్పటినుంచి, అన్నాడు ఫిర్మిన్, నవంబరు నుంచి, అంది జెలీ, నాకెందుకు చెప్పలేదు జెలీ, ఆమె తలెత్తింది, చెబితే ఏం చేసేవాడివయ్యా, ఈ కాలు ఇక లేవదట, ఎర్రపీతవాళ్ళకి తెలిస్తే రేపే వెళ్ళగొడతారు, నీకు తెలిస్తే సోమవారం ఫౌంటెన్ దగ్గరికి పోయి, అక్కడ బొమ్మలకి కూలికి నిలబడే పిల్లల్లోంచి ఇంకో కాలు ఏరుకుంటావు, కాదను చూద్దాం, కాదు అనబోయాడు, అనేవాడే, కానీ కిటికీ వెలుతురు ఆ వాపు మీద పడింది, ఊదా, అంచున పసుపు, ఇస్త్రీపెట్టె నీడ తగిలినచోట ఆకుపచ్చ, ఊదాలో ఆ ఆకుపచ్చ ఎంత కలిపితే వస్తుందో అని ఒక్క క్షణం, ఒక్క క్షణమే.

నీ చెయ్యి జేబులోకి ఎందుకు పోయిందయ్యా, అంది జెలీ, కళ్ళు చిన్నవి చేసి, నెల్లాళ్ళుగా తను ఆమెని చూసిన చూపుతోనే చూస్తూ, తీసి చూసుకుంటే వేళ్ళ మధ్య బొమ్మలు గీసే బొగ్గుముక్క, ఛీ, ఇదేం బతుకు, ఏదో అనాలి, ఎత్తుకుని పైకి తీసుకెళ్తానని అనాలి, పైన ఉన్నదేమిటి, తాడూ పటమూ, పెలాజీ మళ్ళీ రుద్దడం మొదలెట్టింది, జెలీ పళ్ళు బిగబట్టి ముసలిదాని భుజం పట్టుకుంది, తనవైపు చెయ్యి చాచలేదు, చాచాలని తోచనైనా లేదు ఆమెకి, అప్పుడు ఫిర్మిన్‌కి తెలిసింది, ఆమెకి ఇంకొకడెవడూ లేడు, ఏనాడూ లేడు, ఆ మాటకొస్తే తనూ లేడు, ఇన్నాళ్ళూ ఆ మెట్లు ఆమె ఒక్కతే ఎక్కింది.