కరెక్ట్, రివైజ్, అమెండ్

కారు మిల్లు గేటు దాటగానే నాలుగు తలుపులూ ఒకేసారి టక్కున లాకయ్యాయి.

శ్రీవాణి దగ్గర ఫోన్ లేదు. ఎక్కేముందు "ఇటియ్యమ్మా, ఛార్జింగ్ పెడ్త" అని మేనేజర్ భానుప్రసాద్ తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆమె ఒళ్లో మిల్లు ట్యాబ్ మాత్రం ఉంది. దాని తెరమీద నాలుగు రోజుల కిందటి ఎంట్రీ ఒకటి తెరిచి ఉంది.

"నిజామాబాద్ చేరెటాలకు కొత్త వాక్యం కొట్టి పెట్టు," అన్నాడతను స్టీరింగ్ తిప్పుతూ. "దవాఖానల లింబయ్య వేలు పెట్టిచ్చుడు, వచ్చుడు. గంతే."

బోధన్ అవతల చెరుకు మిల్లులో శ్రీవాణి కంప్యూటర్ ఆపరేటర్. షిఫ్టు దిగే ప్రతి మనిషీ ఆమె కిటికీ దగ్గర ఆగి, ఆ రోజు యంత్రం సంగతి నోటితో చెబుతాడు. ఆమె ఇంగ్లీషులో కొడుతుంది. అతను వేలిముద్ర వేస్తాడు. బాయిలర్ మనిషి లింబయ్య ఎప్పుడూ ఒకటే అనేవాడు. "నీ ఇంగిలీసు నాకు రాదు బిడ్డా. నా మాట నీ చేతుల వెడుతున్న."

నాలుగు రోజుల కింద ఆయన చెప్పిన మాట ఇది. "సేఫ్టీ వాల్వ్ పట్టేసింది. ఆవిరి ఎక్కువైతే బయటికి పోతలేదు. బాయిలర్ బంద్ వెట్టాలె."

ఆమె కొట్టింది. ఆయన వేలు పెట్టాడు. బాయిలర్ మాత్రం ఎవరూ ఆపలేదు. గానుగ సీజను. గేటు బయట చెరుకు ట్రాక్టర్లు కిలోమీటరు బారు కట్టి ఉన్నాయి. రెండో రోజు ఆవిరి పైపు పగిలి లింబయ్య కుడిపక్క మొత్తం కాలింది.

రేపు విచారణకు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ పుష్పలత మేడం వస్తుంది. ఆ ఎంట్రీ ఉంటే దోషి భానుప్రసాద్. లేకపోతే, వాల్వ్ పాడైనా చెప్పని లింబయ్య. మంచంమీద ఉన్న మనిషి మీదే కేసు.

"'వాల్వ్ మంచిగున్నది' అని కొట్టినవా?"

"కొడుతున్న సార్."

"నరేందర్ ఎట్లున్నడు?"

శ్రీవాణి వేళ్లు ఆగిపోయాయి. నరేందర్ ఆమె భర్త. అదే మిల్లులో ఫిట్టరు. మిల్లు క్వార్టర్లోనే కాపురం.

"మంచిగున్నడు సార్."

"మంచిగుండాలె మరి," అన్నాడు భానుప్రసాద్ అద్దంలోకి చూస్తూ.

ఆమె వాక్యం పూర్తి చేసింది. దాని కింద మూడు బటన్లు వెలిగాయి. కరెక్ట్. రివైజ్. అమెండ్.

వేలిముద్ర పడ్డ ఎంట్రీని మార్చడానికి ఉన్నవి ఆ మూడే దారులు. సాఫ్ట్‌వేర్ పెట్టిన సమద్ మొదటి రోజు వివరంగా చెప్పాడు. కరెక్ట్ నొక్కితే పాతది పూర్తిగా చెరిగిపోతుంది, అందుకే చెప్పిన మనిషి వేలిముద్ర మళ్లీ కావాలి. రివైజ్ నొక్కితే పాతదాని మీద గీత పడుతుంది, చదవాలంటే చదవొచ్చు. అమెండ్‌కు ఆపరేటర్ వేలు చాలు. మిల్లు తెరమీద కొత్తదే కనబడుతుంది. కానీ పాతదీ కొత్తదీ రెండూ అప్పటికప్పుడు ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు వెళ్లిపోతాయి. వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

ఆ రోజు భానుప్రసాద్ హాజరు సంతకం పెట్టి చాయ్‌కి వెళ్లిపోయాడు. మిల్లులో అందరికీ ఏ మార్పయినా కరెక్షనే. అతనికీ అంతే.

కారు ఎడపల్లి దాటింది. దవాఖాన ఇంకెంతో దూరం లేదు.

"సార్, లింబయ్య కాకకు కుడిచెయ్యి కాలింది గద. వేలెట్ల?"

"మొదట్ల రెండు చేతులవీ తీసుకున్నరు. ఎడమది చాలు."

"నొప్పులకు సూది ఇచ్చిన్రంట. సోయిల ఉన్నడో లేడో."

"సోయి ఎందుకు? వేలుంటే సాలు." అతను నవ్వాడు. "లింబయ్య పెండ్లాం రుక్మాబాయి అడిగితే దవాఖాన కాగితమని చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతది."

శ్రీవాణి తలుపు పిడి మీద చెయ్యి వేసి చూసింది. కదల్లేదు. కదిలినా, పరుగెత్తే కారులోంచి ఎక్కడికి? బయట కోసిన చెరుకు మళ్లు వెనక్కి పోతున్నాయి.

దారి ఒక్కటే ఉంది. అది తెరమీద ఉంది.

"సిరికొండ నుంచి కాక చుట్టాలు ఇరవై మంది దిగిన్రంట సార్," అంది. "వార్డు ముందలనే కూసున్నరు. ట్యాబ్ పట్టుకొని పోతే ఊకుంటరా?"

భానుప్రసాద్ కాలు యాక్సిలరేటర్ మీద తేలికైంది. "ఎవరు చెప్పిన్రు?"

"పొద్దుగాల రుక్మక్కే ఫోన్ చేసింది."

అది నిజమే.

"ఇంకోటి సార్. కరెక్ట్ అంటే తప్పును ఒప్పు చేసినట్టు. మొదటిది తప్పని మనమే రాసిచ్చినట్టయితది. తప్పెట్ల వడ్డది, పైపు పగిలినంకనే ఎందుకు యాదికొచ్చిందని మేడం తవ్వుతది."

"మరి?"

"రివైజ్ అంటే మళ్ల చూసి మనసు మార్చుకున్నట్టు. దాంట్ల గీత కింద పాతది కనవడ్తది."

"అది వద్దు."

"అమెండ్ ఉన్నది. చట్టాలకు చేస్తరు గద సార్, గది. పాత చట్టం దొంగదని ఎవ్వరన్నంటరా? ఇంకింత మంచిగ చేసిన్రు అంటరు. దీనికి నా వేలు సాలు. దవాఖానకు పోయే పనే లేదు."

ఆమె చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఒక్క సంగతి చెప్పలేదు, అంతే.

"అబ్బో," అన్నాడు భానుప్రసాద్. "పంతులమ్మ కావల్సింది నువ్వు. గిన్ని దినాలు అన్నిటికీ కరెక్షన్ కరెక్షన్ అనుకుంట తిరుగుతిమి."

జానకంపేట దగ్గర రైల్వే గేటు పడి ఉంది. కారు ఆగింది. వెనక ఖాళీ చెరుకు ట్రాక్టరు వచ్చి బంపరుకు జానెడు దూరంలో నిలబడింది. అతను ట్యాబ్ లాక్కుని తెర చూశాడు. తర్వాత ఆమె మొహం చూశాడు. ఎక్కువసేపు చూశాడు.

"సమద్‌ను అడుగుదాం."

సమద్‌కు ఏమీ తెలియదు. అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాడు.

కారు స్పీకర్లో గొంతు వినిపించింది. "సలాం సార్."

"సమద్, ఒక్క ముచ్చట. అమెండ్ నొక్కితే పాతది కనవడ్తదా?"

"సమద్ భాయ్," అని అడ్డం పడింది శ్రీవాణి, "లింబయ్య కాక వాల్వ్ ఎంట్రీ అది."

"నిన్నెవరు మాట్లాడమన్నరు?" భానుప్రసాద్ కసిరాడు.

స్పీకర్లో సమద్ షాపు ప్రింటరు చప్పుడు వినబడుతోంది. మనిషి చప్పుడు లేదు. బాయిలర్ సంగతి జిల్లా అంతటికీ తెలుసు.

"మీ మిల్లు తెరమీద కనవడదు సార్," అన్నాడు సమద్ చివరికి. "కొత్తదే ఉంటది."

"పక్కానా?"

"పక్కా సార్." ఒక క్షణం ఆగి, "అక్కా, మంచిగున్నవా?"

"ఉన్న భాయ్."

భానుప్రసాద్ ఫోన్ కట్ చేసి ట్యాబ్ ఆమె ఒళ్లోకి విసిరాడు. "కొట్టు."

అమెండ్ నొక్కింది. కారణం అడుగుతూ ఖాళీ గడి తెరుచుకుంది.

"'ఆపరేటర్ తప్పు రాసింది' అని ఇంగ్లీషుల కొట్టు," అన్నాడతను.

ఇది ఆమె అనుకోలేదు. రెండు ఎంట్రీలూ వెళతాయి, నిజమే. కానీ పాతది అబద్ధమని, తన పేరుతో, తన వేలితో తనే చెప్పినట్టవుతుంది. లింబయ్య మాటను కాపాడబోయి తనే కాదన్నట్టు. ఆ మేడం దేన్ని నమ్ముతుంది?

"ఏమైంది? చేతులు మొద్దువారినయా?"

కొట్టకపోతే దవాఖాన. కొడితే కనీసం పాత మాట బతికుంటుంది. ఆమె కొట్టింది. వేలు పెట్టింది. తెరమీద పచ్చ టిక్కు పడింది.

భానుప్రసాద్ ఒళ్లు విరుచుకున్నాడు. "గేటు లేస్తే కారు మలుపుత. చాయ్ తాగుదాం."

గూడ్సు బండి వచ్చింది. పెట్టె వెనక పెట్టె పోతూనే ఉంది. చివరి పెట్టె కనబడేసరికి కారు స్పీకర్ మోగింది. కొత్త నంబరు. అతను స్టీరింగ్ మీది బటన్ నొక్కాడు.

"భానుప్రసాద్ గారా? ఇన్‌స్పెక్టర్ పుష్పలతను. మీ మిల్లు నుంచి ఇప్పుడే అమెండ్‌మెంట్ వచ్చింది. పాత ఎంట్రీ, కొత్త ఎంట్రీ రెండూ నా ముందున్నాయి. ఆపరేటర్ తప్పు రాసిందని కారణం ఇచ్చారు. ఎవరా ఆపరేటర్?"

భానుప్రసాద్ చెయ్యి కట్ చేసే బటన్ వైపు కదిలింది.

"నేనే మేడం, శ్రీవాణిని!" అరిచినట్టే అంది. "ముందుగాల రాసిందే నిజం. లింబయ్య కాక వాల్వ్ పనిచేస్తలేదని చెప్పిండు. ఇప్పుడు సార్ కారుల ఉన్న. జానకంపేట గేటు కాడ. తలుపులు లాకు..."

కాల్ కట్టయింది. అతనే కట్ చేశాడు.

"ఏం జేసినవే?" చాలా మెల్లగా అడిగాడు.

గేటు లేచింది. ముందున్న బండ్లు కదిలాయి. కారు కదల్లేదు. అతని రెండు చేతులూ స్టీరింగ్ మీద బిగుసుకుపోయాయి. స్పీకర్ మళ్లీ మోగింది, అదే నంబరు. ఎత్తలేదు. వెనక హారన్లు మొదలయ్యాయి.

ట్రాక్టరు డ్రైవరు దిగి వచ్చి అద్దం మీద అరచేత్తో బాదాడు. నెత్తికి తువ్వాల చుట్టుకున్న పెద్దమనిషి.

"ఓ సారూ! పండుకున్నవా? మల్ల గేటు వడ్తది, తియ్ బండి!"

భానుప్రసాద్ తిట్టడానికి అద్దం సగం దించాడు. ఆ సగంలోంచే శ్రీవాణి అంది. "అన్నా, నన్ను దిగనియ్యమని చెప్పు. తలుపు తీస్తలేడు."

డ్రైవరు ఆమెను చూశాడు, అతన్ని చూశాడు. తల తిప్పి వెనక్కి కేకేశాడు. "ఓ సాయన్నా! నలుగురు రాండ్రి ఇటు!"

లాకు తెరుచుకుంది.

ఆమె ట్యాబ్ సీటు మీద పెట్టి దిగింది. ఫోన్ అడగలేదు. భానుప్రసాద్ వంగి ఆమె వైపు వేలు చూపించాడు. "పొద్దుమూకెటాలకు క్వార్టర్ ఖాళీ కావాలె. నీ మొగడు గూడ. యాదుంచుకో."

కారు గేటు దాటి దుమ్ములో పోయింది.

శ్రీవాణి పట్టాల పక్కనే కూర్చుంది. ట్రాక్టరు డ్రైవరు నీళ్ల సీసా ఇచ్చాడు. ఆమె సీసా పక్కన పెట్టి ఫోన్ అడిగి, నంబరు కొట్టింది.

"నరేందర్, నేను. సామాను సదురు."

"ఏం సామాను?"

"అంతా."