పసుపు నీళ్ళు తగిలిన కుర్చీ

జగన్మోహన్ పోయాక, మైల తీరిన రోజున, అతని కుర్చీ మీది బంగారం కూడా పోయింది.

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ ఇంటినిండా కార్పెట్టే. కడగడానికి వీల్లేదు. అందుకని అతని అక్క రాజేశ్వరమ్మ బకెట్లో పసుపు నీళ్ళు కలుపుకుని, చెక్క కనపడ్డచోటల్లా తడిగుడ్డతో తుడుచుకుంటూ వచ్చింది. భోజనాల బల్ల, మెట్ల కమ్మీలు, తలుపులు అయ్యాక ముందుగదిలోని ఇటలీ కుర్చీల దగ్గరికి వచ్చింది. ఎప్పటివో పాతకాలపు జత అది. చేతుల నిండా చెక్కిన ఆకులు, తీగలు. వాటి మీద బంగారు రేకు. ఎవరిదో పాత ఇంటి సామాను అమ్మే ఎస్టేట్ సేల్‌లో కొన్న నాటి నుంచి జగన్మోహన్ వాటిని పొడి కుంచెతోనే దులిపేవాడు. రేకు కింద జిగురు కలిపిన ఎర్రమట్టి పూత ఉంటుందనీ, తడి తగిలితే కరిగిపోతుందనీ భార్య శశికళకు చెప్పాడు. అక్కకు ఎవరూ చెప్పలేదు.

శశికళ వచ్చేసరికి జగన్మోహన్ కూర్చునే కుర్చీ కుడిచేతి మీద ఆకులు ఎర్రగా బయటపడి ఉన్నాయి. గుడ్డకు బంగారం అంటుకుని ఉంది.

"ఆయన చెయ్యి ఆనిన చోటు, వదినా. దాన్ని కూడా తుడిచేశారా?"

అంతే అంది. గొంతు పెంచలేదు. బడిలో పిల్లల మీద కూడా ఆమె గొంతు పెంచదు. కాని ఆ మాట తగలకూడని చోటే తగిలింది.

ఆనాటి నుంచి రాజేశ్వరమ్మ ముందుగదిలో అడుగు పెట్టలేదు. కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచేది. ఊరికి తిరుగు ప్రయాణం దగ్గర పడుతోంది. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఈ బరువు కూడా మోసుకుని విమానం ఎక్కబోతోంది. తను ఒక్క మాట అంటే అది దిగుతుందని శశికళకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

శనివారం పొద్దున పక్కవీధి తెలుగువాళ్ళ అమ్మాయి రేణు రాజేశ్వరమ్మను కారులో షాపుకు తీసుకువెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు రేణు చేతిలో ఒక డబ్బా ఉంది.

"ఏంటమ్మా అది?" అని అడిగింది శశికళ.

"గోల్డ్ స్ప్రే, ఆంటీ. అమ్మమ్మగారు కొనమన్నారు. టూ కోట్స్ వేస్తే చాలట."

"నీ నోట్లో నువ్వుగింజ నానదే!" అంది రాజేశ్వరమ్మ. "చెప్పనని కారులో ఒట్టు పెట్టావా, లేదా?"

"వద్దు వదినా," అంది శశికళ. "రంగు కొడితే ఇంకా పాడవుతుంది."

"మరేం చెయ్యమంటావే నన్ను? నా వేలు పట్టుకుని నడక నేర్చినవాడు. ఈ చేత్తోనే వాడి గుర్తు చెరిపేశాను."

శశికళ ఆ చెయ్యి పట్టుకుంది. ముందుగదిలోకి తీసుకువెళ్ళి, రేకు ఊడిన కుర్చీ చూపించింది.

"కూర్చోండి."

"అమ్మో, ఇందులోనా? ఉన్న నాలుగు ఆకులూ నా చీరకు అంటుకుపోతాయి."

"అంటుకోవు. మీరు తడిగుడ్డ కాదుగా."

రేణు ఫక్కున నవ్వింది. రాజేశ్వరమ్మకు కూడా నవ్వొచ్చింది, కళ్ళు తుడుచుకుంటూనే. అంచున కూర్చుంది. కాసేపటికి వెనక్కి వాలింది. ఎర్రబారిన చోట అరచెయ్యి ఆనించి, తమ్ముడు చిన్నప్పుడు అరుగు మీద ముక్కాలిపీట వేసుకుని జమీందారునని పిల్లలందరి చేతా దణ్ణాలు పెట్టించుకున్న సంగతి చెప్పింది. శశికళ రెండో కుర్చీలో కూర్చుని విన్నది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఆ సంగతి వినలేదు. ఆ మధ్యాహ్నం వదినగారు మారు అన్నం వడ్డించుకుంది.

ఎయిర్‌పోర్ట్‌లో రాజేశ్వరమ్మ, "దాన్ని తెలిసినవాళ్ళ చేత బాగుచేయించు, శశీ" అంది. అలాగేనంది శశికళ. చెక్క నగిషీలు బాగుచేసే ఒకాయన డెట్రాయిట్‌లో ఉన్నాడు. వచ్చే నెల వచ్చి చూస్తానన్నాడు.

ఆ రోజు అన్న మాటకు మన్నించమని మాత్రం వదినగారిని ఆమె ఇంకా అడగలేదు.