బీట్‌రూట్ రంగు

పరిశోధనశాలలో అందరూ ఆవిడను బీట్‌రూట్ మేడమ్ అనేవారు, వెనకాల మాత్రమే. ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు. కూరగాయలు తింటే పేగుల్లో మేలుచేసే సూక్ష్మజీవులు పెరుగుతాయా అన్నది ఆవిడ పరిశోధన. పెరుగుతాయని ఆవిడకు ముందే గట్టి నమ్మకం. కరువల్లా మనుషులకే. రోజూ ఉడకబెట్టిన బీట్‌రూట్, క్యాబేజీ, బీన్సు తిని, ఆపైన మలం డబ్బాలో పెట్టి తెచ్చివ్వమంటే ఎవరు మాత్రం ఎగిరి గంతేస్తారు?

చివరికి ఆవిడ అక్కే ఆదుకుంది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచి పెద్దచేసిందీ ఆమే. "మనుషులు తక్కువైతే నేను లేనటే?" అంది. వారం వారం కూరల సంచీ అక్క ఇంటికి వెళ్ళేది, డబ్బా తిరిగొచ్చేది.

"అన్నీ తింటున్నావా అక్కా?"

"ఒక్క ముక్క మిగిల్తే ఒట్టు."

ఒకరోజు అక్కే ఫోన్ చేసింది. "ఎర్రగా వస్తోందే, కడుక్కునేటప్పుడు..."

చెల్లెలు నవ్వేసింది. "బీట్‌రూట్ తిన్నవాళ్ళందరికీ అంతే. పొద్దున్నుంచీ ఇవే ఫోన్లు నాకు. భయపడకు."

అందరికీ చెప్పి చెప్పి ఆ జవాబు నోటికి అలవాటైపోయింది. అవతలివాళ్ళ మాట పూర్తికాకముందే వచ్చేసేది. అక్క "నీకు తెలియనిదేముందిలే" అని పెట్టేసింది.

ఆ తర్వాత అక్క చిక్కిపోయింది. ఒళ్ళు తగ్గిందని చెల్లెలు మెచ్చుకుంది. నీరసంగా ఉందంటే, వయసు మీదపడుతోంది కదా అంది. మెట్లెక్కుతూ అక్క కుప్పకూలాక గానీ ఆసుపత్రి గుర్తుకు రాలేదు.

పెద్దపేగులో కణితి. కాలేయం దాకా పాకింది. "చాన్నాళ్ళుగా నెత్తురు పోతూ ఉండాలే, ఎవరూ గమనించలేదా?" అని డాక్టరు అడిగాడు.

"బీట్‌రూట్ తింటోంది కదండీ. ఆ రంగే అనుకున్నాం" అంది చెల్లెలు.

మంచం మీద అక్క గోడవైపు తిరిగింది. డాక్టరు వెళ్ళేదాకా అలాగే ఉంది.

"నేను తినలేదే" అంది నెమ్మదిగా. "మిగతావన్నీ తిన్నా. బీట్‌రూట్ ఒక్కటే, ఆ మట్టివాసన నా వల్ల కాలేదు. పక్కింటి కుందేళ్ళకి వేసేదాన్ని. అవి మాత్రం బాగా బలిశాయి."

"నేను ఫోన్లో అన్నప్పుడైనా చెప్పొచ్చు కదా!"

"నోటిదాకా వచ్చింది. నువ్వు నవ్వావు. ఇప్పుడు తినలేదంటే నీ మొహం చిన్నబోతుందనిపించింది. క్యాబేజీలో కూడా ఏదో రంగుంటుందేమో, చదువుకున్నదానివి నువ్వే కదా అని సర్దిచెప్పుకున్నా."

చెల్లెలికి ఏడుపు కూడా రాలేదు. ఎక్కడైనా తల బాదుకోవాలనిపించింది. పరిశోధనశాల ఫ్రీజర్లో అక్క ఇచ్చిన డబ్బాలన్నీ వరసగా ఉన్నాయి. ఏ డబ్బాలో ఏ సూక్ష్మజీవి ఎంతుందో ఆవిడ తడుముకోకుండా చెప్పగలదు. నెత్తురుందేమో చూడడం చిటికెలో పని. ఒక్కసారీ చూడలేదు.

అక్క ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. చెల్లెలు చిన్నప్పుడు పరీక్ష పోయి ఇంటికొచ్చినప్పుడు మాట్లాడినంత మెత్తగా మాట్లాడింది.

"బెంగపెట్టుకోకే. నన్ను తీసేసి ఇంకెవర్నయినా చేర్చుకో. ఈసారి నిజంగా తినేవాళ్ళని చూసుకో."