రెండు రాళ్లు, ఒక సుత్తి

కార్లు బాగుచేసే షెడ్డులో అందరూ ఆమెను బోల్టమ్మ అంటారు, ఒకసారి బిగుసుకుంటే ఎవరి తరమూ కాదని. పెళ్లి ఉంగరం విషయంలోనూ అంతే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వజ్రం వద్దంది, ఆకుపచ్చ జేడ్ రాయి కావాలంది.

కాబోయే అత్తగారు ఊరుకుంటుందా? తన అత్తగారిచ్చిన వజ్రాన్ని రుమాల్లో మూటగట్టుకుని వచ్చి కంసాలి దుకాణంలో తిష్ఠ వేసింది. పెళ్లికొడుకు మహా తెలివైనవాడు. ఆ ఇద్దరి మధ్య నోరు విప్పడం కంటే ఎండలో నిలబడటమే మేలని బయటే ఉండిపోయాడు.

వజ్రం ముందు ఈ ఆకుపచ్చ రాయి ఏపాటిదని ఆవిడ తీసిపారేసింది. వజ్రం గాజును కోస్తుంది, దాని మీద మాత్రం గీత పడదు. పని చేసేటప్పుడు తీసి పక్కన పెట్టుకుంటే సరి. అయినా పెళ్లయ్యాక ఆ గ్రీజు పని దేనికట? అక్కడ బోల్టమ్మకు ఒళ్లు మండింది. రాయి పేరు చెప్పి తన పనికే ఎసరు పెడుతున్నారు.

"ఉంగరం తీయను అత్తయ్యా, పనీ మానను. గీత పడకపోవడం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. నాకు ఓర్చుకునే రాయి కావాలి."

"వజ్రానికి దెబ్బొక లెక్కా?" అంటూ అత్తగారు బల్ల మీది సుత్తి అందుకుంది. కంసాలి వద్దు వద్దని లేచేలోపే కొట్టేసింది.

వజ్రం నిలువునా రెండు ముక్కలైంది.

ఆవిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అత్త తనకు నకిలీది అంటగట్టిందని పోయినావిడను కాసేపు తిట్టిపోసింది. కంసాలి ముక్కల్ని భూతద్దం కింద చూసి, అసలు వజ్రమేనని, దెబ్బ పడితే అదీ చీలుతుందని మెల్లగా చెప్పాడు. బోల్టమ్మకు గెలిచానన్న సంతోషం లేదు, జాలేసింది.

"ఎన్నాళ్లు పెట్టుకున్నారు దీన్ని?"

"ఒక్కరోజూ లేదు. అంట్లు తోమాలి, బట్టలుతకాలి. ఎక్కడ పాడవుతుందోనని బీరువాలోనే దాచాను."

బోల్టమ్మ తన రాయిని ఆవిడ ముందుకు జరిపింది. దీన్నీ కొట్టి చూడమంది.

అత్తగారు సుత్తి ఎత్తింది. రాయిని చూసింది, ఆ పిల్ల గోళ్లలో నల్లగా పేరుకున్న గ్రీజును చూసింది. సుత్తిని కంసాలి చేతికిచ్చేసింది.

"గట్టిగా పొదుగు నాయనా. పెళ్లయిన మర్నాడు ఈ పిల్ల దీంతోనే పనికెళ్లాలి."