ఒంటి గొడ్డలి

రాజనర్సు కొత్త చెప్పులతో రైలు దిగాడు. ముందు అవే చూశాను. మొహం తర్వాత చూశాను.

మూడేళ్లుగా నాతో మాట్లాడని మనిషి. అడవి పనిలో చెట్టు మీద పడి నా భార్య సుబ్బరత్నం చనిపోయాక ఒక్కసారి కూడా నా గడప తొక్కలేదు. ఇప్పుడు నా కేసులో సాక్ష్యం చెప్పడానికి కాజీపేటలో రైలు మారి నాంపల్లి దాకా వచ్చాడు. మా లాయరు కాగితం పంపింది నిజమే. కానీ కాగితం చూసి కదిలే మనిషి కాదు రాజనర్సు. ఇంకెవరో కదిలించి ఉండాలి.

“ఏంది బావా, పోలీసోని లెక్కున్నవ్,” అన్నాడు నా బట్టలు చూసి. అడవి పని మానేసి పట్నం వచ్చాక నేను అబిడ్స్‌లో ఒక బట్టల షాపు ముందు వాచ్‌మన్‌గా నిలబడుతున్నాను. కేసు అయిపోగానే డ్యూటీకి పోవాలని యూనిఫాంలోనే వచ్చాను.

“పోలీసోన్నైతే ముందు నిన్నే పట్టేటోన్ని.”

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. సుబ్బరత్నం వాణ్ని అన్నా అని పిలిచేది. అందువల్ల నేను వాడికి బావనయ్యాను. అంతకు మించి చుట్టరికం లేదు.

మాది జామాయిల్ చెట్లు కొట్టే జట్టు. కాగితం మిల్లుకు పోయే కర్ర అది. సురేందర్ కాంట్రాక్టరు, రాజనర్సు మేస్త్రీ. మగవాడు చెట్టు కొడతాడు, ఆడమనిషి తొక్క ఒలుస్తుంది. మా పనిలో గొడ్డలి అంటే ఇద్దరు. పొద్దున మేస్త్రీ ఎన్ని గొడ్డళ్లు వచ్చాయని అడుగుతాడు గానీ ఎంతమంది వచ్చారని అడగడు. కూలి గొడ్డలికి ఇస్తారు. మగవాడి చేతిలో పెడతారు, మగవాడి పేరే రాసుకుంటారు. ఆడవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. ఎందుకు లేవని ఎవరూ అడగలేదు. సుబ్బరత్నం కూడా అడగలేదు.

ఆ రోజు ఆమె కూర్చుని తొక్క ఒలుస్తోంది. పక్క గొడ్డలి కొట్టిన చెట్టు గాలికి తిరిగింది. ట్రాక్టరులో వేసుకుని దవాఖానకు పోతుంటే దారిలోనే పోయింది. నేను కేసు వేస్తే సురేందర్ జవాబు రాయించాడు. ఆమె కూలిమనిషి కాదట. మొగుడికి సద్ది తెచ్చి, చూసుకోకుండా చెట్టు కిందికి పోయిందట.

నష్టపరిహారం ఎంత వస్తుందో నేను ఎవరినీ అడగలేదు. ఆమె కూలి చేసిందని ఒక ఆఫీసరు రాసి సంతకం పెట్టాలి. నాకు కావలసింది అది. పెళ్లయినప్పటి నుంచి నా పక్కన నడుం వంచిన మనిషిని సద్ది మోసేదాన్ని చేశారు.

స్టేషన్ ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో రాజనర్సుకు చాయ్ ఇప్పించాను. మర్యాదకు కాదు. ఎదురుగా కూర్చోబెట్టి చూడటానికి.

“లోపల ఏం చెప్తవ్?”

“ఉన్నదే చెప్త.”

“ఉన్నది ఏంది?”

“నీకు తెల్వదా బావా?”

“నాకు తెలుసు. నీకు యాదికుందా అని.”

వాడు బిస్కెట్ చాయ్‌లో ముంచాడు. విరిగి లోపల పడింది. స్పూనుతో వెతుక్కుంటూ కూర్చున్నాడు. అంతలో ఫోను మోగింది. పేరు నాకు కనపడకుండా అరచేతిలో మూసి బయటికి పోయాడు. మెట్రో పిల్లరు పక్కన నిలబడి మాట్లాడాడు. అద్దంలోంచి వాడి తల ఊగడం కనిపించింది. ఎదుటివాడు చెబుతున్నాడు, వీడు ఒప్పుకుంటున్నాడు.

“ఎవరు?” అన్నాను వచ్చాక.

“మా ఇంటిది.”

“ఇంటిదానికి గన్నిసార్లు తల ఊపుతవా?”

“ఊపకపోతే బువ్వ పెడ్తదా?”

పెళ్లాం బతికున్నవాడి జోకు. నాకు రుచించలేదు. లేచి డబ్బులిచ్చాను.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక ఒక సందులోకి తిరగాలి. కూలీల నష్టపరిహారం కేసులు వినే కమిషనర్ ఆఫీసు అక్కడ ఒక పాత బిల్డింగు మీద ఉంది. కింద చెప్పుల కొట్టు, సూట్‌కేసుల కొట్టు. వాటి బోర్డుల మధ్య ఆఫీసు బోర్డు కనపడదు. ఈ ఊళ్లోనే ఉంటూ నేను మొదటిసారి దాటిపోయాను. రాజనర్సు నాకు ముందు నడుస్తున్నాడు. నేను చెప్పకముందే సందులోకి తిరిగాడు.

“తొవ్వ ఎట్ల తెలిసె?”

“నువ్వు తిరిగినవనుకున్న.”

“నేను నీ ఎనక ఉన్న.”

వాడు చెప్పుల కొట్టు వైపు చూశాడు. ఆ కొట్టులో వేలాడుతున్నవీ వాడి కాళ్లకున్నవీ ఒకటే రకం. 

పైన వరండాలో సురేందర్ ఉన్నాడు. తెల్ల చొక్కా, చేతిలో కారు తాళం. నన్ను చూసి తనే దగ్గరికి వచ్చాడు.

“బాగున్నవా బిచ్చయ్యా? ఎందుకే నీకీ తిరుగుడు. నేనేమన్న పరాయోన్నా? నీ ఇంటికొచ్చి ఇచ్చేటోన్ని గద.”

“ఇల్లు మీకు తెల్వకపాయె సారూ.”

నా భుజం తట్టాడు. రాజనర్సు వైపు మాత్రం చూడలేదు. పక్కన నిలబడ్డ తన మేస్త్రీని చూడని కాంట్రాక్టరు ఎక్కడైనా ఉంటాడా. చూడకూడదని ముందే మాట్లాడుకున్నారు.

మా లాయరు పేరు ఉజ్వల. నాంపల్లి కోర్టుల దగ్గర ఆమెకు చిన్న గది ఉంది. ఆమె ముత్తాత కాలం నుంచి హైదరాబాదే. ఆ రోజు పొద్దున తినకుండా వచ్చిందట, వరండా చివర బెంచీ మీద టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చుంది. ఆమె పక్కకు పోయి చెప్పాను.

“మేడం, వాడు అమ్ముడుపోయిండు. వాని సాక్ష్యం వద్దు.”

“జర కూచోండి బిచ్చయ్యగారూ. ఎట్ల తెలుసు?”

చెప్పులు, ఫోను, సందు చెప్పాను. ఆమె చపాతీ తుంచింది.

“ఈయనను వద్దంటే ఇంకెవరున్నరు? జట్టుల వేరేవాళ్లను తెస్తరా?”

ఎవరూ రారు. అందరికీ సురేందర్ పని కావాలి.

“వాడు నాకు ఎన్నడూ మంచి చేసినోడు కాదు మేడం. ఆమె దినాలన్న కాలే, నన్ను గొడ్డలి మీదకెళ్లి తీసి లోడింగ్‌ల ఏసిండు. లారీల కర్ర ఎక్కిచ్చే పని. మా జట్టుల నా అంత కొట్టేటోడు లేడు. అయినా తీసిండు.”

“ఎందుకు తీసిండు?”

“ఎందుకేంది. ఒంటి గొడ్డలి అయితిని. ఒంటి గొడ్డలి నడవది. పచ్చి మీదనే తొక్క ఒలవాలె, ఎండితే కర్రను పట్టుకుంటది. నాకు ఒలిచే మనిషి ఏది?”

ఆమె నమలడం ఆపి నన్ను చూసింది. తర్వాత డబ్బా మూత పెట్టింది.  నా బాధ ఆమెకు పట్టలేదనుకున్నాను. చెయ్యి కడుక్కుని నేరుగా సురేందర్ లాయరు దగ్గరికి పోయింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుని నవ్వుకున్నారు. ఈమె కూడానా అనుకున్నాను.

లోపలికి పిలిచారు. కమిషనర్‌కు జలుబు. చేతిరుమాలు మీద నీలగిరి నూనె చుక్కలు వేసుకుని మాటిమాటికీ ముక్కుకు పెట్టుకుంటున్నాడు. గదంతా అదే వాసన. అది మా జామాయిల్ ఆకు నూనే. సుబ్బరత్నం ఎంత రుద్ది కడుక్కున్నా చేతులు అలాగే వాసన వచ్చేవి. అన్నం కలిపి పెడితే అన్నం కూడా. ఇక్కడ అది ఒక ఆఫీసరు జలుబుకు మందు.

రాజనర్సు చేత ప్రమాణం చేయించారు. ఉజ్వల మేడం లేచింది.

“సుబ్బరత్నం తెలుసా?”

“తెలుసు.”

“ఆమె ఏం పని చేసేది?”

రాజనర్సు తన కొత్త చెప్పుల వైపు చూసుకున్నాడు.

“పనేం లేదు మేడం. బిచ్చయ్యకు సద్ది తెచ్చేది.”

నేను లేచాను. బంట్రోతు నా భుజం పట్టి కూర్చోబెట్టాడు. సురేందర్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వాడి లాయరు పెన్ను మూత పెట్టాడు. నాకు ఆశ్చర్యం కలగలేదు. నా అనుమానం తప్పు కాలేదన్న తృప్తి మాత్రం కలిగింది. అలాంటి తృప్తి ఎందుకూ పనికిరాదు.

ఉజ్వల మేడం గొంతు పెంచలేదు.

“సరే. ఆమె చనిపోయినంక బిచ్చయ్య ఏం పని చేసిండు?”

“లోడింగ్.”

“అంతకు ముందు?”

“గొడ్డలి.”

“పని సరిగ్గ చేసేటోడు కాదా?”

“అట్లెందుకంటరు. మా జట్టుల ఆయనంత కొట్టేటోడు లేడు.” రాజనర్సుకు కోపం వచ్చింది. పనివాణ్ని ఎవరైనా తక్కువ చేస్తే మేస్త్రీకి వచ్చే కోపం అది.

“మరి అంత మంచి పనోన్ని గొడ్డలి మీదకెళ్లి ఎందుకు తీసినవ్?”

“ఒంటి గొడ్డలైపాయె గదమ్మా. తొక్కకు మనిషి లేకపాయె. గొడ్డలి ఎట్ల నడుస్తది?”

 సురేందర్ కిటికీ నుంచి తల తిప్పాడు. వాడి లాయరు సగం లేచాడు. కమిషనర్ అతన్ని చేత్తోనే ఆపి రుమాలు కింద పెట్టాడు.

“మళ్లీ చెప్పు. తొక్కకు మనిషి లేకపోయిందన్నావు. అంతకు ముందు ఉన్న మనిషి ఎవరు?”

రాజనర్సు సురేందర్‌ను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. 

“మా చెల్లె,” అన్నాడు.

“పేరు చెప్పు.”

“సుబ్బరత్నం.”

కమిషనర్ పక్కనున్న క్లర్కుకు ఆ మాటలన్నీ చెప్పి రాయించాడు. నేను క్లర్కు చేతినే చూస్తూ కూర్చున్నాను, ఏమైనా వదిలేస్తాడేమోనని.

బయటికి వచ్చాక ఉజ్వల మేడం నన్ను పక్కకు పిలిచింది.

“వాళ్లు రాజీకొస్తరంట. మనం అడిగిందానికి దగ్గరగానే ఇస్తమంటున్నరు.”

“అండ్ల ఆమె కూలిమనిషి అని రాస్తరా?”

“రాయరు. దయతోని ఇచ్చినట్టు రాసుకుంటరు.”

“వద్దు.”

“ఆర్డరు దాకా ఆగితే ఇంకా టైం పడతది. జర ఆలోచించండి.”

“వాళ్లు ఇప్పుడే ఎందుకు తొందరపడుతున్నరో మీరు ఆలోచించుండ్రి.”

ఆమె నన్ను చూసి నవ్వింది. “నా మీద కూడ అనుమానమేనా?”

 ఆమె రాజీ వద్దని వాళ్లతో చెప్పడానికి పోయింది. నేను వెనకే పోయి ఆ మాట చెప్పిందాకా నిలబడ్డాను.

సురేందర్ కారు తాళం తిప్పుకుంటూ మెట్లు దిగిపోయాడు. ఈసారి నా భుజం తట్టలేదు. రాజనర్సు మెట్ల కింద, చెప్పుల కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. స్టేషన్ దాకా నా పక్కనే నడిచాడు. రోడ్డు మీద హారన్లు. నాంపల్లి దగ్గరపడ్డాక వాడే నోరు తెరిచాడు.

“బావా, నేను తెలిసే అన్న ఆ మాట.”

“ఏ మాట?”

“ఒంటి గొడ్డలి మాట. సురేందర్ సారు ముందల మొదటి మాట ఆయన చెప్పినట్టు చెప్పకపోతే నా మేస్త్రీ పని పోతది. నా ఎనక జట్టుంది. ఆ మేడం తిప్పి అడగంగనే చెప్పిన గదా.”

“ఆమె అడగకపోతే?”

వాడు ఒక ఆటోకు దారి ఇచ్చాడు. 

“ఆమె అడుగుతదని నీకెట్ల తెలుసు? నాకే తెల్వదు.”

“చెల్లె మీద ఒట్టు బావా.”

“ఆమె మీద ఒట్టు పెట్టకు. ఆమె మీద పడ్డది చాలు.”

వాడికి పని సంగతులు అడిగితే నోరు ఆగదు. ఏ చెట్టు ఎటు పడుతుందని అడిగినా, ఎవరిని ఎందుకు తీశావని అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాడు. ఎప్పుడూ అంతే. అలా జారిన మాటను ఇప్పుడు పుణ్యంగా లెక్కేసుకుంటున్నాడు. లేదా నిజంగానే తెలిసి అన్నాడేమో. తెలుసుకునే దారి నాకు లేదు. అడిగితే చెప్పేది వాడే కదా.

ప్లాట్‌ఫారం మీద చాయ్ తాగుదామన్నాడు. వద్దన్నాను. రైలు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను పోకుండా నిలబడి ఉండటం చూసి మొహం వెలిగింది.

“పో బావా, డ్యూటీకి లేటైతది. నాకోసం నిలబడకు.”

నేను నిలబడింది వాడి కోసం కాదు. రైలు కదలకముందే దిగి సురేందర్ దగ్గరికి పోతాడేమోనని. రైలు కదిలింది. వాడు చెయ్యి ఊపాడు. ఆఖరి పెట్టె ప్లాట్‌ఫారం దాటిందాకా చూసి వెనక్కి తిరిగాను.

ఆర్డరు రావడానికి చలికాలం అయింది. ఏటా పెట్టే ఎగ్జిబిషన్ జనంతో నాంపల్లి రోడ్లు నిండి ఉన్నాయి. ఉజ్వల మేడం తన గదిలో కూర్చోబెట్టి చదివి వినిపించింది. సుబ్బరత్నం ఆ కాంట్రాక్టు కింద తొక్క ఒలిచే కూలిగా పనిచేసిందని, పనిలో ఉండగానే చనిపోయిందని, నష్టపరిహారం సురేందరే కట్టాలని ఉంది. ఆ మొదటి ముక్క మళ్లీ చదవమన్నాను. చదివింది. కాగితం తీసుకుని నేను కూడా వేలు పెట్టి చదువుకున్నాను. ఆమె పేరు తప్పు లేకుండా రాశారు. కింద సంతకం ఉంది.

మెట్లు దిగుతుంటే ఫోను మోగింది. రాజనర్సు.

“బావా, ఆర్డరొచ్చిందంట గద. మా చెల్లె పేరు రాసిన్రంట గద.”

ఆ మాట నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు. సురేందర్ లాయరుకు మాత్రం ఒక కాపీ పోయి ఉంటుంది.

“నీకెవరు చెప్పిన్రు?” అన్నాను.

“డ్యూటీకి లేటైతది బావా, పో,” అన్నాడు. ఫోను పెట్టేసి డ్యూటీకి పోయాను.