ఒళ్ళో పెట్టిన భయం

రోజూ పొద్దున స్కూలు బస్సు నడపడానికి బయల్దేరే ముందు చెల్లెలు పది సూదుల్లో దారం ఎక్కించి దిండుకు గుచ్చి వెళ్ళేది. అక్క టైలరు షాపువాళ్ళ చొక్కాలకు కాజాలు కుట్టేది. కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బుతో ఆమె ఎడమకన్ను పోయి మూడేళ్ళయింది. కుడికంట్లోనూ అదే జబ్బు, దానికి తోడు శుక్లం. ఎన్ని చుక్కలు వేసినా ఒత్తిడి దిగలేదు.

"రెండూ ఒకేసారి చేసేద్దాం," అంది డాక్టరమ్మ. "శుక్లం తీసి లెన్సు పెడతాను. కంట్లో నీరు బయటికి పోవడానికి చిన్న దారి చేస్తాను. జబ్బు తినేసిన చూపు మాత్రం తిరిగి రాదమ్మా."

"ఉన్నది కూడా పోతే?"

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "ఆ ప్రమాదం కొంత ఉంది. చేయకపోతే ఇంకా ఎక్కువ."

ఆపరేషన్ రోజు నర్సు వచ్చింది. "గాజులు, చెవిపోగులు, భయం, అన్నీ తీసి మీవాళ్ళకి ఇచ్చేయండి. మత్తు కంటికే. లోపల కదిలారంటే కష్టం."

అక్క గాజులు తీసింది. గుండెల్లోంచి భయాన్ని రెండు చేతులా తీసి చెల్లెలి ఒళ్ళో పెట్టింది. తడిబట్టల మూటలా బరువుగా, చల్లగా ఉంది.

"కింద పెట్టకే," అని చెప్పి, తేలిగ్గా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

పక్కన తన తండ్రి భయాన్ని మోస్తూ కూర్చున్న ఒకాయన కాస్త జరిగి చోటిచ్చాడు.

ఒళ్ళోని భయం నెమ్మదిగా చెల్లెలి లోపలికి ఇంకింది. మెట్టుందో లేదో తెలియక గాల్లో ఆగే కాలు. గుమ్మానికి కొట్టుకునే భుజం. పక్కనుంచి ఊడిపడ్డట్టు ఎదురయ్యే మనుషులు. ఇవన్నీ అక్కవే. మరి తనకెందుకు తెలిసినవిలా ఉన్నాయి?

ఈ నెల్లో బస్సు అద్దం రెండుసార్లు గేటు స్తంభానికి రాసుకుంది. మొన్న బస్సు దిగిన పాప ఎడమ పక్కనుంచి బంపరు ముందుకి వచ్చేదాకా కనపడలేదు. ఆయా అరుపు విని బ్రేకు తొక్కింది. తర్వాత పాపనే తిట్టింది.

ఒళ్ళోది విదిలించుకుని పారిపోవాలనిపించింది. అది అక్కది. అదిమి పట్టుకుంది.

గంటకి డాక్టరమ్మ బయటికి వచ్చింది. "బాగా జరిగింది. ఆవిడ కదల్లేదు. రేపు కట్టు విప్పుతాం, కొన్ని వారాలు ఒత్తిడి చూసుకుంటూ ఉండాలి." చెల్లెలి వైపు తిరిగి అడిగింది. "ఇది తోబుట్టువులకూ రావచ్చు. మీరు చూపించుకున్నారా?"

చెల్లెలు లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

కుడికంటికి కట్టు కట్టి, చక్రాల కుర్చీలో అక్కను తీసుకొచ్చారు. "ఏదే, నాది నాకిచ్చెయ్," అంది. చెల్లెలు ఇచ్చేసింది. అయినా ఒళ్ళో బరువు తగ్గలేదు. చూస్తే అక్కడ ఇంకొకటుంది, కాస్త చిన్నది.

చెల్లెలు స్కూలుకి ఫోన్ చేసింది. "సార్, సాయంత్రం బస్సుకి వేరే డ్రైవర్ని పంపండి. కాదు సార్, సెలవు కాదు. డాక్టరు నా కళ్ళు పరీక్ష చేసి చెప్పేదాకా నేను బండి ముట్టను."

ఫోన్ పెట్టేసి అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అక్కా, ఇది నాది. కాస్త పట్టుకుంటావా? లోపలికెళ్ళి కళ్ళు చూపించుకుని వస్తాను."

ఏమీ కనపడని ఆ చీకట్లోనే అక్క తన భయాన్ని ఒక పక్కకి జరుపుకుని ఒళ్ళో చోటు చేసింది.